రెండు రోజుల్లో హైదరాబాదు

మిరప కోతలు అయిపోయాయి. కల్లాల్లో కాయలు ఎండాయి. టిక్కీలు యార్డుకు పోయాయి. పత్తి తీతలు అంతకు ముందే అయిపోయాయి. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఆడవాళ్ళకు నాలుగు రోజులు తీరిక దొరికే కాలం ఇదే.

ఈ తీరికలో చాలామంది తిరుపతి పోతారు. కోటప్పకొండ పోతారు. శ్రీశైలం పోతారు. హైదరాబాదు మాట ఎత్తితే మాత్రం వెనకాడతారు. "అంత పెద్ద ఊళ్ళో తప్పిపోతే ఎట్టా? అక్కడి మాట మనకు రాదుగా. మనల్ని మోసం చేస్తే?" అంటారు.

ఈ భయం ఉత్తదేం కాదు. చదువు రానప్పుడు ఊరు దాటితే అన్నీ చిక్కులే. ఏ బస్సు ఎక్కాలో తెలియదు. ఏ ఊరు వచ్చిందో తెలియదు. ఎవరో ఒకరి చెయ్యి పట్టుకుని పోవాలి. అక్షరాలు వచ్చాక సంగతి మారుతుంది. బోర్డు చదవొచ్చు. టికెట్ మీద అంకె చూసుకోవచ్చు. డ్వాక్రా సంఘంలో నలుగురైదుగురు ఆడవాళ్ళు కలిస్తే రెండు రోజుల్లో హైదరాబాదు చూసి రావొచ్చు. అక్కడ ఏముందో, ఎట్లా తిరగాలో తెలుసుకుందాం.

పోయే దారి

గుంటూరు నుంచి హైదరాబాదుకు రైళ్ళు ఉన్నాయి. నడికుడి మీదుగా పోయే రైళ్ళు పిడుగురాళ్ళ, మిర్యాలగూడ, నల్గొండ దాటి సికింద్రాబాదు వైపు పోతాయి. ఒంగోలు, అద్దంకి, నరసరావుపేట వైపు వాళ్ళకు బస్సు సుఖం. అద్దంకి - నార్కెట్‌పల్లి రోడ్డు పిడుగురాళ్ళ, దాచేపల్లి మీదుగా పోతుంది. పొందుగుల దగ్గర కృష్ణ దాటుతుంది. నది అవతల ఒడ్డు తెలంగాణ రాష్ట్రం.

1956 నవంబరు 1 నుంచి హైదరాబాదు ఆంధ్రప్రదేశ్‌కు రాజధాని. 2014 జూన్ 2న తెలంగాణ వేరే రాష్ట్రం అయింది. ఆ తర్వాత పదేళ్ళు, అంటే 2024 జూన్ 2 దాకా, హైదరాబాదు రెండు రాష్ట్రాలకూ ఉమ్మడి రాజధాని. ఇప్పుడది తెలంగాణ రాజధాని.

బస్సు టికెట్ సంగతి ముందే తెలుసుకోవాలి. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం ఉంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ డబ్బు లేదు. రాష్ట్రం దాటి పోయే బస్సులకు ఇది వర్తించదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం ఉంది. అది తెలంగాణ ఆడవాళ్ళకు. ఆంధ్ర ఆధార్ కార్డు ఉన్నవాళ్ళు హైదరాబాదు సిటీ బస్సులో టికెట్ కొనుక్కోవాలి. ఈ సంగతి తెలియక టికెట్ కొనకుండా కూర్చుంటే తనిఖీలో జరిమానా కట్టాల్సి వస్తుంది.

హైదరాబాదు దగ్గర పడగానే ఒక బోర్డు కనిపిస్తుంది. "హయత్‌నగర్" అని ఉంటుంది. చదవండి. అది ఒక ఆడమనిషి పేరు మీద వెలసిన ఊరు. ఆమె హయాత్ బక్షీ బేగం. హైదరాబాదు కట్టించిన రాజుకు కూతురు. 1626లో ఆమె కొడుకు చిన్నతనంలోనే రాజయ్యాడు. కొడుకు వెనక ఉండి ఆమే రాజ్యం నడిపింది. జనం ఆమెను "మా సాహెబా" అని పిలిచేవారు. అంటే అమ్మగారు అని.

చార్మినార్

మన వైపు బస్సులు మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లో ఆగుతాయి. దాన్నే ఇమ్లీబన్ అంటారు. "ఇమ్లీ" అంటే చింతపండు. అక్కడి నుంచి చార్మినార్ దగ్గరే. సిటీ బస్సు ముందు బోర్డు చదివి ఎక్కాలి. అనుమానం ఉంటే అడగాలి.

"అన్నా, ఈ బస్సు చార్మినార్ దగ్గర ఆగిద్దా?"

"ఆగుతది అమ్మా, ఎక్కుండ్రి."

మన తెలుగు వేరు, వాళ్ళ తెలుగు వేరు. అయినా రెండూ తెలుగే. అర్థం కాకపోవడం ఉండదు.

"చార్" అంటే నాలుగు. "మినార్" అంటే స్తంభం లాంటి గోపురం. నాలుగు మినార్లు ఉన్నాయి కాబట్టి చార్మినార్. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా దీన్ని కట్టించాడు. ఆయన గోల్కొండ రాజు. కోటలో జనం పెరిగిపోయారు. నీళ్ళు చాలలేదు. అందుకని మూసీ నది అవతల కొత్త ఊరు కట్టించాడు. ఆ ఊరికి నడిబొడ్డున చార్మినార్ నిలబెట్టాడు. ఊళ్ళో జబ్బు తగ్గినందుకు కట్టించాడని కూడా చెబుతారు.

ఒక్కో మినారు ఎత్తు దాదాపు 160 అడుగులు. రాయి, సున్నం కలిపి కట్టారు. నాలుగు వైపులా నాలుగు గడియారాలు ఉన్నాయి. అవి 1889లో పెట్టినవి. లోపలి మెట్లు ఇరుకు. మలుపులు తిరుగుతాయి. మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళు కింద నుంచే చూడటం మంచిది. టికెట్ ధర కౌంటర్ దగ్గర బోర్డు మీద రాసి ఉంటుంది. బోర్డు చదివాకే డబ్బు తీయాలి.

పక్కనే మక్కా మసీదు ఉంది. కుతుబ్ షాహీ రాజులు మొదలుపెట్టారు. 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయింది. వేల మంది ఒకేసారి నమాజు చేసుకోవచ్చు. చూడటానికి వెళ్ళేవాళ్ళు చెప్పులు బయట విడవాలి. తల మీద కొంగు కప్పుకోవాలి. మన గుడిలో మర్యాద ఎట్లాగో, అక్కడి మర్యాద అట్లాగే.

లక్క గాజులు

చార్మినార్ పక్క సందే లాడ్ బజార్. సందు పొడుగూతా గాజుల కొట్లే. దీపాలు వేస్తే కళ్ళు చెదురుతాయి.

లక్క అంటే ఏమిటి? మోదుగ, రేగు వంటి చెట్ల మీద చిన్న పురుగులు ఉంటాయి. అవి ఒక రకం బంకను వదులుతాయి. అది గట్టిపడుతుంది. అదే లక్క. దాన్ని నిప్పుల సెగ మీద కరిగిస్తారు. రంగు కలుపుతారు. పొడుగ్గా తీసి గుండ్రంగా చుడతారు. మెత్తగా ఉన్నప్పుడే అద్దాలు, రాళ్ళు ఒక్కొక్కటే అతుకుతారు.

ఈ పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది. పాతబస్తీ ఇరుకు ఇళ్ళలో, కుంపటి పక్కన కూర్చుని చేస్తారు. వేళ్ళు కాలతాయి. కళ్ళు గుంజుతాయి. మిరపకాయ కోసేవాళ్ళకు చేతులు మండటం తెలుసు. తొడిమ తీసేవాళ్ళకు ఘాటు తెలుసు. కాబట్టి గాజు వెనక కష్టం వాళ్ళకు వేరే చెప్పక్కరలేదు.

2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరు ఆ ఊరి సరుకుకే చెల్లుతుంది. మన గుంటూరు సన్నం మిరపకు కూడా అలాంటి గుర్తింపే ఉంది.

ఇక్కడ ఒక మాట గమనించాలి. గాజులు చేసేవాళ్ళలో ఎక్కువ మంది ముస్లింలు. కొనేవాళ్ళలో హిందువుల పెళ్ళివాళ్ళు చాలామంది. ఒకరి పండగ ఇంకొకరికి తిండి పెడుతుంది. ఈ ఊళ్ళో మతం పేరుతో గొడవలు జరగలేదా? జరిగాయి. ప్రాణాలు కూడా పోయాయి. కానీ గొడవ జరిగితే ముందు మూతపడేది ఈ బజారే. పస్తు పడుకునేది రోజు కూలి మీద బతికే వాళ్ళే. అందుకే పుకారు వినగానే నమ్మకూడదు.

బేరం ఆడేటప్పుడు తొందర పడొద్దు. నాలుగు కొట్లు తిరగండి. "కిత్నా?" అంటే ఎంత అని. "భాయ్" అంటే అన్న లేక తమ్ముడు. "ఆపా" అంటే అక్క. ఈ మూడు మాటలు వస్తే బేరం సగం అయినట్టే.

ప్రాణాలు నిలిపిన చింతచెట్టు

పాతబస్తీకి, కొత్త ఊరికి మధ్య మూసీ నది ఉంది. ఇప్పుడు చూస్తే మురుగు కాలవలా ఉంటుంది. కానీ 1908 సెప్టెంబరు 28న ఇదే మూసీ ఊరిని ముంచేసింది. కుండపోత వానకు ఎగువన చెరువులు తెగాయి. నీళ్ళు ఇళ్ళ మీద పడ్డాయి. దాదాపు 15,000 మంది చనిపోయారని అంచనా.

నది ఒడ్డున ఒక పెద్ద చింతచెట్టు ఉంది. వరదలో కొట్టుకుపోతున్న జనం ఆ చెట్టు కొమ్మలు పట్టుకున్నారు. దాదాపు 150 మంది ఆ చెట్టు మీదే ప్రాణాలు దక్కించుకున్నారు. కొమ్మ మీద కూర్చున్నవాడిది ఏ కులం, ఏ మతం అని ఆ రోజు ఎవరూ అడగలేదు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది.

వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య అనే ఇంజనీరును పిలిపించారు. ఆయన సలహా మీద ఊరికి ఎగువన రెండు పెద్ద చెరువులు కట్టారు. 1920లో ఉస్మాన్ సాగర్ పూర్తయింది. దాన్నే గండిపేట అంటారు. 1927లో హిమాయత్ సాగర్ పూర్తయింది. అవి వరదను ఆపాయి. ఊరికి తాగే నీళ్ళూ ఇచ్చాయి.

కృష్ణ ఒడ్డు ఊళ్ళవాళ్ళకు, ఉప్పెన చూసిన బాపట్ల వైపు వాళ్ళకు ఈ కథ బాగా తెలిసినట్టే ఉంటుంది.

సాలార్‌జంగ్ మ్యూజియం

మూసీ ఒడ్డునే సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. నిజాం దగ్గర మంత్రులుగా పనిచేసిన సాలార్‌జంగుల ఇంటి సొమ్ము ఇది. మూడో సాలార్‌జంగ్ జీవితమంతా దేశదేశాల వస్తువులు కూడబెట్టాడు. 1949లో చనిపోయాడు. 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ ఈ మ్యూజియాన్ని ప్రారంభించాడు. 1968లో ఇప్పుడున్న భవనానికి మార్చారు.

ఇక్కడ ముసుగు వేసుకున్న రెబెకా బొమ్మ తప్పక చూడాలి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కాడు. అంతా పాలరాయే. కానీ ముఖం మీద పల్చని గుడ్డ కప్పినట్టు ఉంటుంది. గుడ్డ లోంచి ముఖం కనపడుతుంది. రాయి అంటే నమ్మబుద్ధి కాదు.

ఇంకొకటి గంటల గడియారం. గంట గంటకూ లోపలి నుంచి ఒక చిన్న మనిషి బొమ్మ బయటకు వస్తుంది. గంట కొట్టి లోపలికి పోతుంది. పన్నెండింటికి పన్నెండు గంటలు కొడుతుంది కాబట్టి ఆ వేళకు జనం ఎక్కువ చేరతారు. పిల్లలతో పాటు పెద్దవాళ్ళు కూడా నేల మీద కూర్చుని ఎదురుచూస్తారు.

మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆ రోజు పోతే తలుపులు మూసి ఉంటాయి.

రెండో రోజు: గోల్కొండ

గోల్కొండ మొదట కాకతీయుల నాటి మట్టికోట. తర్వాత బహమనీల చేతికి పోయింది. 1518 నుంచి కుతుబ్ షాహీలు ఏలారు. రాతి గోడలు కట్టారు. కొండ మీదికి మూడు వందలకు పైగా మెట్లు ఉన్నాయి. పొద్దున్నే ఎక్కాలి. ఎండ ముదిరితే కష్టం. నీళ్ళ సీసా తప్పనిసరి.

ఫతే దర్వాజా దగ్గర గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడతారు. ఆ చప్పుడు కొండ పైన బాలా హిస్సార్‌లో వినపడుతుంది. పైన ఒకరు, కింద ఒకరు ఉండి చూస్తే తెలుస్తుంది. శత్రువు వస్తే పైవాళ్ళకు కబురు చేరడానికి ఇది పనికొచ్చేది. అంత గట్టి కోటను కూడా ఔరంగజేబు 1687లో ఎనిమిది నెలలు చుట్టుముట్టి పట్టుకున్నాడు. లోపలివాడే ఒకడు తలుపు తీశాడు.

ఇక్కడి జైల్లోనే కంచర్ల గోపన్న ఉన్నాడు. మనం రామదాసు అంటాం. భద్రాచలం గుడి కట్టించింది ఆయనే. ఆయన్ను జైల్లో పెట్టింది తానీషా. అదే తానీషా దగ్గర పెద్ద మంత్రులు మాదన్న, అక్కన్న. వాళ్ళు హిందువులు. అంతకు ముందు ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు కవులను ఆదరించాడు. అద్దంకి గంగాధర కవి తన కావ్యాన్ని ఆయనకే అంకితం ఇచ్చాడు.

గోల్కొండ వజ్రాలు అనే పేరు లోకమంతా మోగింది. కానీ గోల్కొండలో వజ్రాల గని లేదు. అక్కడ అమ్మకం జరిగేది. మరి వజ్రాలు ఎక్కడివి? మన పల్నాడువి. కృష్ణ ఒడ్డున బెల్లంకొండ వైపు కొల్లూరు అనే ఊరు ఉండేది. పెద్ద గని అదే. కోహినూరు కూడా అక్కడే దొరికిందని చెబుతారు.

టావెర్నియే అనే ఫ్రాన్సు దేశపు వజ్రాల వర్తకుడు 1600ల మధ్యలో కొల్లూరు వచ్చాడు. అక్కడ దాదాపు 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వేవాళ్ళట. ఆడవాళ్ళు, పిల్లలు మట్టి మోసేవాళ్ళట. ఆ మట్టి కడిగి, ఎండబెట్టి, చెరిగి వజ్రాలు ఏరేవాళ్ళు. వజ్రం రాజుకు పోయింది. రాజు నుంచి ఇంకో రాజుకు పోయింది. కోహినూరును 1849లో ఇంగ్లీషువాళ్ళు తీసుకున్నారు. ఇప్పుడది లండన్‌లో ఉంది. మట్టి మోసిన ఆడవాళ్ళ పేరు ఒక్కటి కూడా ఎక్కడా రాసి లేదు. కొల్లూరు ఊరు పులిచింతల ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోయింది.

ఇంతకీ ఇది ఎవరి ఊరు?

హైదరాబాదులో ఎవరెవరు ఉన్నారో చూడండి. తెలుగువాళ్ళు ఉన్నారు. ఉర్దూ మాట్లాడేవాళ్ళు ఉన్నారు. మరాఠీ, కన్నడ, తమిళం మాట్లాడేవాళ్ళు ఉన్నారు. బేగంబజార్‌లో మార్వాడీ వర్తకులు ఉన్నారు. బార్కస్ అనే పేటలో అరబ్బులు ఉన్నారు. వాళ్ళ తాతలు యెమెన్ దేశం నుంచి నిజాం సైన్యంలో చేరడానికి వచ్చారు. సైనికులు ఉండే బ్యారక్సు మాటే బార్కస్ అయింది. ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది. అది ఆఫ్రికా నుంచి వచ్చిన గుర్రపు సైనికుల పేట. వాళ్ళను సిద్దీలు అంటారు. 1832లో పంజాబు రాజు రంజిత్ సింగ్ పంపిన సైన్యంతో సిక్కులు వచ్చారు. అగ్నిని పూజించే పార్శీలు ఉన్నారు. ఇరాన్ నుంచి వచ్చినవాళ్ళు టీ హోటళ్ళు పెట్టారు. అందుకే ఆ టీని ఇరానీ చాయ్ అంటారు.

ఇంతమంది పరాయివాళ్ళా అనిపించొచ్చు. ఒక్కసారి మన మాటలే చూసుకుందాం. "కాగితం" పారసీ మాట నుంచి వచ్చింది. "కలం" అరబ్బీ మాట. "రైతు" అరబ్బీ మాట నుంచి వచ్చింది. "జిల్లా", "దుకాణం", "బజారు" కూడా బయటి నుంచి వచ్చినవే. చదువుకునే కాగితం, కలం అనే మాటల్లోనే ఆ భాషలు మన ఇంట్లో ఉన్నాయి.

ఇంకో సంగతి. మిరపకాయ మనది అనుకుంటాం. 550 ఏళ్ళ కిందట మన దేశంలో మిరపకాయే లేదు. కారానికి మిరియాలు వాడేవారు. మిరప పుట్టిన చోటు అమెరికా ఖండం. పోర్చుగీసు వాళ్ళు ఓడల్లో తెచ్చారు. ఎక్కడిదో మొక్క వచ్చి మన నల్లరేగడిలో పాతుకుంది. ఇప్పుడది గుంటూరు పేరు మీదే చెల్లుతోంది. మనుషులు కూడా అంతే. వచ్చి, చెమట ఓడ్చి, ఆ ఊరివాళ్ళే అవుతారు. పని వెతుక్కుంటూ హైదరాబాదు పోయిన మన ప్రకాశం జిల్లా జనం కూడా అట్లా పోయినవాళ్ళే.

కోఠి, ట్యాంక్‌బండ్

కోఠిలో ఒక పెద్ద తెల్ల భవనం ఉంది. 1800ల మొదట్లో ఇంగ్లీషు రెసిడెంటు కోసం కట్టారు. నిజాం మీద కన్నేసి ఉంచే దొర అక్కడ ఉండేవాడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక అది ఆడపిల్లల కాలేజీ అయింది. 2022లో మహిళా విశ్వవిద్యాలయం అయింది. ఇప్పుడు దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఐలమ్మ పాలకుర్తి రైతు. కౌలు చేసుకున్న భూమిని దొర లాక్కోబోతే ఎదురు నిలబడింది. దొర మేడకు రైతు మహిళ పేరు వచ్చింది.

సాయంత్రం ట్యాంక్‌బండ్ మీదికి పోవాలి. అది హుస్సేన్‌సాగర్ చెరువు కట్ట. ఈ చెరువు 1560ల నాటిది. నీళ్ళ మధ్యలో ఒకే రాతిలో చెక్కిన బుద్ధుడు ఉన్నాడు. 1990లో విగ్రహాన్ని తీసుకుపోతుంటే పడవ ఒరిగి నీళ్ళలో పడింది. మనుషులు కూడా చనిపోయారు. 1992లో పైకి తీసి నిలబెట్టారు. దగ్గర్లోనే 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఉంది. 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించారు.

కట్ట మీద వరసగా తెలుగు పెద్దల విగ్రహాలు ఉన్నాయి. 1986లో పెట్టారు. 2011లో తెలంగాణ ఉద్యమ కాలంలో కొన్ని పగిలాయి. తర్వాత మళ్ళీ నిలబెట్టారు. రాణి రుద్రమ ఉంది. రామాయణం రాసిన మొల్ల ఉంది. మన వినుకొండలో పుట్టిన జాషువా ఉన్నాడు. ప్రతి విగ్రహం కిందా పేరు రాసి ఉంది. ఎవరినీ అడక్కుండా చదువుకుంటూ పోవచ్చు.

గుర్తుపెట్టుకోండి

- ఆధార్ కార్డు దగ్గర ఉంచుకోవాలి. ఇంటి ఫోన్ నంబరు చీటీ మీద రాసి రవికలో పెట్టుకోవాలి.
- డబ్బంతా ఒకేచోట పెట్టొద్దు.
- తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో పొద్దున్నే అనుకోవాలి.
- ఆటో ఎక్కేముందు ఎంతో అడగాలి.
- ఆపద వస్తే 112కు ఫోన్ చేయాలి. ఆడవాళ్ళ సాయానికి 181 ఉంది. రైలు సంగతులకు 139 ఉంది.

సంఘంలో మాట్లాడుకోండి

1. మీ ఊళ్ళో బయటి నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు ఎవరు? ఏ పని మీద వచ్చారు?
2. మీరు రోజూ వాడే మాటల్లో బయటి భాషల నుంచి వచ్చినవి ఏవి? ఐదు మాటలు రాయండి.
3. మీ సంఘం హైదరాబాదు పోతే ఎంత ఖర్చు అవుతుంది? బస్సు, తిండి, బస, టికెట్లు వేరువేరుగా లెక్క వేయండి.
4. కొల్లూరు గనిలో మట్టి మోసిన ఆడవాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు. మీ ఊరి ఆడవాళ్ళు చేసిన పనుల గురించి మీరు ఏం రాస్తారు?